అమ్మతో శ్రీలంకకా, నాయనతో క్రాబీకా, ఇద్దరితో బాలికా? సీమ నుంచి సముద్రానికి పోయేవాళ్లకు ఒక పోలిక

మా ఇంట్లో పెద్దవాళ్లకు సముద్రమంటే రామేశ్వరమే. అగ్నితీర్థంలో మూడు మునకలు వేసి, తడిబట్టలతోనే గుళ్లోకి పోయి 22 తీర్థాల నీళ్లు పోయించుకుంటే సముద్రంతో పని అయిపోయినట్టే. ఆ నీళ్లలో గంటసేపు తేలుతూ చేపల్ని చూడొచ్చని, పడవ తెడ్డు మనమే వేసుకుంటూ పోవచ్చని మా అమ్మకు అరవై రెండేళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేనే.

ఈ నాలుగేళ్లలో అమ్మను ఒకసారి శ్రీలంకకు, నాయనను ఒకసారి థాయిలాండ్‌లోని క్రాబీకి, ఇద్దర్నీ కలిపి ఒకసారి బాలికి తీసుకుపోయాను. వీటికంటే ముందు ఫుకెట్ ట్రిప్పు ఒకటి పూర్తిగా చెడగొట్టుకున్నాను. అనంతపురంలో తెలిసినవాళ్లు "అమ్మానాయన్ను బీచ్‌కు తోలుకపోవాలంటే ఏ దేశం మేలు?" అని అడిగితే నేను ఎదురు మూడు ప్రశ్నలు వేస్తా. ఏ నెలలో పోతారు? ఆ మనిషి మోకాళ్లు ఎట్లున్నాయి? పొద్దున లేస్తే ఏం చేయకపోతే తోచదు?

నా తీర్పు ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. మోకాళ్ల నొప్పులుండి, నీళ్లంటే భయపడేవాళ్లకు శ్రీలంక. ఈత వచ్చి, మెట్లెక్కగలిగి, కొత్త తిండికి పేచీ పెట్టనివాళ్లకు క్రాబీ. పొద్దున నడక లేకపోతే రోజు గడవనివాళ్లకు, ఊరన్నాక గుడి ఉండాలనేవాళ్లకు బాలి, అందులోనూ సనూర్ బీచ్. నీళ్లలో ఉండటం తప్ప మరేమీ అక్కర్లేదనుకుంటే మాల్దీవులు. ఇదంతా మీరు పోయే నెల కుదిరితేనే.

నెల చూసుకున్నాకే దేశం

మా ఫుకెట్ ట్రిప్పు జూలైలో. "సార్, ఆఫ్ సీజన్, సగం రేటుకే వస్తుంది" అన్నాడు ట్రావెల్ ఏజెంటు. అది ఎందుకు ఆఫ్ సీజన్ అయిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఐదు రోజులున్నాం. ఐదు రోజులూ బీచ్‌లో ఎర్రజెండాలే. ఎర్రజెండా ఉంటే నీళ్లలోకి దిగకూడదు. ఒకరోజు పడవ ట్రిప్పు రద్దయింది, ఇంకోరోజు బయల్దేరి సగం దారిలో తిరిగొచ్చింది. నాయన హోటల్ బాల్కనీలో కూర్చుని అలల్ని చూస్తూ, "దీనికన్నా పెన్న అహోబిలం పోయింటే ఉగాదికో శివరాత్రికో చెప్పుకునేటట్టు ఉండు గదరా" అన్నాడు.

జరిగింది ఏమిటంటే, ఫుకెట్, క్రాబీ ఉన్నది థాయిలాండ్ పడమటి ఒడ్డున, అండమాన్ సముద్రం వైపు. మన నైరుతి రుతుపవనాలే అక్కడా కొడతాయి. మే నుంచి అక్టోబరు దాకా ఆ ఒడ్డు అలలు మంచివి కావు. అనంతపురం పడమటి కనుమల వానచాటున ఉంది కాబట్టి మనకు జూలై అంటే మబ్బులు, దుమ్ము, గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు గిరగిరా తిరిగేది ఆ గాలికే. అదే గాలి వేల కిలోమీటర్ల నీళ్ల మీదుగా వీస్తే ఏమవుతుందో మెట్టనేల మనిషికి తట్టదు.

అందుకే ఈ లెక్క ముందు తెలుసుకోండి. క్రాబీ, ఫుకెట్‌లకు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. థాయిలాండ్‌కే తూర్పున ఉన్న కో సముయికి ఆ లెక్క పనికిరాదు, దానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్ద వానలు, మన నెల్లూరు లాగ. బాలిలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం. మాల్దీవులకు జనవరి నుంచి ఏప్రిల్ మేలు. వియత్నాంలో డా నాంగ్ అయితే మార్చి నుంచి ఆగస్టు దాకా, అక్టోబరు, నవంబరు నెలల్లో అక్కడ వరదలు మామూలే.

శ్రీలంక ఒక్కటే రెండు చేతులా వడ్డిస్తుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా దక్షిణ, పడమటి ఒడ్డు బాగుంటుంది: బెంటోట, ఉనావటున, వెలిగామ, మిరిస్సా. మే నుంచి సెప్టెంబరు దాకా తూర్పు ఒడ్డు: ట్రింకోమలీ, నీలావెలి, పాసికుడా. చిన్న దీవే అయినా ఒక వైపు సముద్రం ఎగిరి పడుతుంటే రెండో వైపు పళ్లెంలో నీళ్లలా ఉంటుంది. ఏజెంటు "శ్రీలంక బీచ్ ప్యాకేజీ" అంటే ఏ ఒడ్డు అని అడగండి. మేలో మిరిస్సా చూపిస్తే లేచి వచ్చేయండి.

మన సెలవులతో కలిపి చూస్తే ఇట్లా తేలుతుంది. సంక్రాంతికి క్రాబీ, దక్షిణ శ్రీలంక, మాల్దీవులు మూడూ కుదురుతాయి. సేద్యం ఉన్న ఇళ్లలో చెనిక్కాయ పీకి, అమ్మి, చేతిలో డబ్బు ఆడేదీ అప్పుడే. ఎండాకాలం సెలవులకు ట్రింకోమలీ లేదా బాలి. దసరా సెలవులే ఇబ్బంది, చాలాచోట్ల సముద్రం అటూ ఇటూ కాకుండా ఉంటుంది. తప్పదంటే అక్టోబరు మొదట్లో బాలికి పోవచ్చు.

బాలి విషయంలో ఇంకో మెలిక ఉంది. ఉగాదికి రెండు మూడు రోజులు సెలవు కలిసొచ్చిందని టికెట్లు కొనేస్తారేమో, ఆగండి. బాలి హిందువులదీ శక సంవత్సరమే. వాళ్ల కొత్త సంవత్సరం రోజు పేరు న్యేపి, చాలా ఏళ్లు మన ఉగాది రోజునో ఒకరోజు అటూ ఇటూగానో, కొన్నేళ్లు ఒక నెల ముందో వస్తుంది. మనం పచ్చడి తిని పంచాంగం వింటాం, వాళ్లు ఆరోజు దీవి మొత్తం మౌనంగా ఉంటారు. విమానాశ్రయం కూడా మూసేస్తారు. రోడ్డు మీదికి, బీచ్‌కు ఎవరినీ రానివ్వరు, టూరిస్టులైనా సరే. 24 గంటలు హోటల్లోనే. అది కూడా ఒక అనుభవమే అనుకునేవాళ్లు పోవచ్చు, మా నాయన లాంటి మనిషిని మాత్రం ఆ హోటల్లో కట్టెయ్యలేం.

నిచ్చెన పరీక్ష

ఏ బ్రోషర్లోనూ కనపడనిది పడవ నిచ్చెన. స్నార్కెలింగ్ (ముఖానికి మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్లలో తేలుతూ చేపల్ని చూడటం) ఫోటోల్లో అందరూ నీళ్లలో నవ్వుతూ ఉంటారు. నీళ్లలోంచి పడవలోకి ఎట్లా ఎక్కారో ఎవరూ చూపించరు. పడవ పక్కన మూడు నాలుగు మెట్ల ఇనప నిచ్చెన వేలాడుతుంది. మొదటి మెట్టు నీళ్ల కింద ఉంటుంది, కాలితో తడుముకోవాలి. పడవ ఊగుతుంటుంది. అప్పటిదాకా నీళ్లు మోసిన ఒళ్లు ఒక్కసారిగా తన బరువు తాను మోసుకోవాలి, పైగా తడిసిన చుడీదారు బరువు. మోకాలు మడవలేని మనిషికి ఆ రోజు మొత్తంలో కష్టమైన పని ఇదే.

కాబట్టి టికెట్లు కొనే ముందే ఇంట్లో చూసుకోండి. డాబా మీది నీళ్ల ట్యాంకుకు ఇనప నిచ్చెన ఉంటుంది కదా, దాని మీద నాలుగు మెట్లు ఎక్కి దిగమనండి, మీరు వెనక నిలబడండి. నేల మీద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవగలరేమో చూడండి. మా అమ్మ రెండూ చేయలేకపోయింది. నాయన రెండూ చేసి, "ఇంకేమన్నా ఉందా?" అన్నాడు. వాళ్లిద్దర్నీ వేర్వేరు దేశాలకు తీసుకుపోవడానికి అసలు కారణం ఇదే.

ఇక ఈత సంగతి. మన వైపు పాతతరం మగవాళ్లలో చాలామంది బావిలో ఈత నేర్చినవాళ్లే. నడుముకు బెండు కట్టి తోసేస్తే నేర్చుకున్నారు. వాళ్లకు ధైర్యం ఎక్కువ, ఆ ధైర్యమే ప్రమాదం. బావి నీళ్లు కదలవు, నాలుగు బారలు వేస్తే గట్టు దొరుకుతుంది. సముద్రంలో ఒడ్డు నుంచి లోపలికి లాగే పాయలుంటాయి, వాటికి ఎదురీదితే ఎంత బలమున్నవాడైనా అలసిపోతాడు. అలాంటి పాయలో పడితే ఒడ్డు వైపు కాదు, ఒడ్డుకు సమాంతరంగా ఈదాలి. లాగుడు తగ్గిన చోటు నుంచి ఒడ్డుకు తిరగాలి. ఈ ఒక్క మాట పెద్దాయనకు ఇంట్లోనే రెండుసార్లు చెప్పి తీసుకుపోండి. "నాకు ఈత నేర్పిస్తావా?" అంటాడు. అననీ.

ఎండ గురించి కూడా మనకో భ్రమ ఉంది. 42 డిగ్రీలు చూసినవాళ్లం, ఆ బీచ్ ఎండ ఒక లెక్కా అనుకుంటాం. మనది పొడి ఎండ, చెమట పట్టిన వెంటనే ఆరిపోయి ఒళ్లు చల్లబడుతుంది. అక్కడ 32 డిగ్రీలే అయినా గాలి నిండా తేమ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. శ్రీలంకలో రెండో రోజే అమ్మకు కళ్లు తిరిగాయి. అప్పటినుంచి మాకో నియమం: పదకొండు నుంచి మూడున్నర దాకా నీడలోనే, బ్యాగులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. బీపీకి నీళ్లు పోయే మాత్ర వాడేవాళ్లు బయల్దేరే ముందే డాక్టరుతో ఈ ఎండ సంగతి మాట్లాడాలి. గుండెకు స్టెంటు ఉన్నవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు స్నార్కెలింగ్ గురించి కూడా అడగాలి. గొట్టంతో ఊపిరి తీయడం చూడ్డానికి తేలికగా ఉంటుంది గానీ మామూలు ఊపిరి కన్నా శ్రమే.

శ్రీలంక: నిచ్చెన అక్కర్లేని చోటు

అమ్మకు నీలావెలి ఎంచుకోవడానికి పీజియన్ ఐలాండ్ కారణం. ట్రింకోమలీకి 15 కిలోమీటర్లు ఉత్తరాన నీలావెలి, అక్కడినుంచి కిలోమీటరు దూరంలో సముద్రంలో ఈ చిన్న దీవి. పడవలో పది పదిహేను నిమిషాలు. పడవ నేరుగా దీవి ఒడ్డుకే చేరుతుంది, అక్కడినుంచి నడుచుకుంటూ నీళ్లలోకి దిగొచ్చు. పగడపు దిబ్బలు ఒడ్డుకు దగ్గర్లోనే ఉంటాయి. నిచ్చెన గొడవే లేదు. ఒక్కటే ఇబ్బంది, ఒడ్డు నిండా విరిగిన పగడపు ముక్కలు, ఒట్టి కాళ్లతో నడవలేం. రబ్బరు అడుగున్న నీళ్ల బూట్లు బెంగళూరులోనే కొనుక్కోండి.

అమ్మ చుడీదారు, దాని మీద లైఫ్ జాకెట్టు వేసుకుని నడుము లోతు నీళ్లలో నిలబడింది. మాస్కు పట్టీ జారిపోతూ ఉంది. పొద్దునే తలకు కొబ్బరినూనె పట్టించింది మరి. జడను చుట్టి పైకి కట్టి, పట్టీ దాని కిందకు దించితే ఆగింది. "ఊపిరి ఆడట్లేదు రా" అని రెండుసార్లు లేచింది. మూడోసారి గైడు ఒక రబ్బరు ట్యూబు తెచ్చి దాన్ని పట్టుకుని తేలమన్నాడు. తల నీళ్లలో పెట్టింది. పది లెక్కపెట్టాను, ఇరవై లెక్కపెట్టాను, లేవలేదు. భయమేసి భుజం తట్టాను. తల ఎత్తి గొట్టం తీసి, "ఉండు రా, పసుపుచీర కట్టుకున్నట్టు ఉండాది ఒక చేప, దాని ఎనకాలే పోతాండా" అని మళ్లీ తల పెట్టేసింది. నలభై నిమిషాలు. చిన్న సొర చేపలు కూడా తిరుగుతాయి అక్కడ, నల్ల మొన రెక్కలవి, మనిషి జోలికి రావు. అమ్మకు ఆ సంగతి ఒడ్డుకు వచ్చాకే చెప్పాను.

సాయంత్రం ట్రింకోమలీలోని కోనేశ్వరం. సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ కొమ్మున శివాలయం. 1622లో పోర్చుగీసువాళ్లు కూల్చేసిన గుడి, మళ్లీ 20వ శతాబ్దంలో కట్టుకున్నారు. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదైన శాంకరీదేవి స్థానం ఇక్కడే. కర్నూలు పక్కన అలంపురం జోగులాంబను, శ్రీశైలం భ్రమరాంబను చూసినవాళ్లకు ఆ వరుసలో మొదటి పేరు చూడటమంటే మామూలు మాట కాదు. బీచ్ అంటే ముఖం ముడుచుకునే పెద్దవాళ్లను కదిలించడానికి ఈ ఒక్క మాట చాలు. నేను అట్లానే కదిలించాను.

మిగతా లెక్కలు కూడా శ్రీలంక వైపే మొగ్గుతాయి. బెంగళూరు నుంచి కొలంబోకు గంటన్నర. గడియారం మార్చక్కర్లేదు, టైము మనదే. అన్నం, పప్పు, కొబ్బరి, ఇడియాప్పం, అప్పం దొరుకుతాయి. శాకాహారులు ఒకటి గమనించాలి, కొబ్బరి సంబోల్‌లో (మన కొబ్బరి పచ్చడి లాంటిది) "మాల్దీవ్ ఫిష్" అనే ఎండు చేప పొడి వేస్తారు, అడిగి తినాలి. మట్టి కుండలో గేదె పెరుగు, దాని మీద కిత్తుల్ అనే తాటిజాతి చెట్టు పాకం పోసి ఇస్తారు. అమ్మ పాకం పక్కన పెట్టి ఆ పెరుగుతో అన్నం తింది.

లోటు ఏమిటంటే, కొలంబో విమానాశ్రయం నుంచి ట్రింకోమలీకి రోడ్డు మీద ఐదారు గంటలు. మధ్యలో ఒక రాత్రి ఆగితే మంచిది. దక్షిణ ఒడ్డుకైతే హైవే ఉంది, మూడు గంటల్లో తేలుతుంది. అటు పోతే గాలె కోట గోడ మీద సాయంత్రం నడక, వెలిగామలో ఇసుక అడుగున్న నీళ్లలో సర్ఫింగ్ (పలక మీద నిలబడి అలల మీద జారడం) పాఠం, మిరిస్సాలో తిమింగలాలు. తిమింగలాల పడవ తెల్లవారుజామున బయల్దేరి నాలుగైదు గంటలు సముద్రంలోనే ఉంటుంది. వాంతులు రాకుండా వేసే ఎవోమిన్ మాత్ర పడవ ఎక్కాక కాదు, గంట ముందే వేయాలి. ఆ పడవలో సగం మంది తిమింగలాన్ని చూడరు, కవర్లు పట్టుకుని కూర్చుంటారు.

క్రాబీ: మీసం ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక

క్రాబీలో ఒంటికి పని ఎక్కువ. సున్నపురాయి కొండలు నీళ్లలోంచి నిలువుగా లేస్తాయి. రైలే అనే బీచ్‌కు రోడ్డే లేదు, కొండలు అడ్డం. ఆవో నాంగ్ నుంచి పొడుగు తోక పడవలో పది పదిహేను నిమిషాలు పోవాలి. చాలాసార్లు మోకాలు లోతు నీళ్లలో నడిచి పడవ ఎక్కాలి, బ్యాగు నెత్తిన పెట్టుకుని. నాయనకు అది చెరువు దాటి చేనుకు పోయినట్టే అనిపించింది. మోకాలి నొప్పులున్నవాళ్లకు రోజుకు నాలుగుసార్లు నరకం.

నాలుగు దీవుల ట్రిప్పులో నాయన మాస్కులోకి ఊరికే నీళ్లు పోతున్నాయి. మార్చి ఇంకోటి ఇచ్చారు, అంతే. మూడోది, అంతే. పడవ నడిపే కుర్రాడు నాయన ముఖం వైపు చూపించి, రెండు వేళ్లు కత్తెరలా ఆడించాడు. మీసం. మాస్కు అంచు పెదవి పైన చర్మానికి అతుక్కోవాలి, మధ్యలో మీసం ఉంటే సందు ఉంటుంది, నీళ్లు దూరతాయి. సీమ మీసం, నలభై ఏళ్ల మీసం. "చేపల కోసరం మీసం తీసేదా?" అని నాయన నా వైపు అదోలా చూశాడు. చివరికి వాజలిన్ మీసానికి దట్టంగా పూస్తే ముప్పాతిక నీళ్లు ఆగాయి. మీసం ఉన్నవాళ్లను తీసుకుపోతే ఆ చిన్న డబ్బా ఒకటి జేబులో పెట్టుకోండి. సన్‌స్క్రీన్ కొనేటప్పుడు మాత్రం చూసి కొనండి, పగడాలకు చెరుపు చేసే కొన్ని రసాయనాలున్న వాటిని థాయిలాండ్ 2021 నుంచి సముద్ర నేషనల్ పార్కుల్లో నిషేధించింది.

నాకు క్రాబీలో అన్నిటికన్నా నచ్చింది ఆవో థలానేలో కాయకింగ్, అంటే సన్నటి చిన్న పడవలో తెడ్డు మనమే వేసుకుంటూ పోవడం. మడ అడవుల మధ్య, కొండ సందుల్లో కదలని నీళ్లు, అలల భయం లేదు, ఇద్దరు కూర్చునే కాయక్. ముందు నాయన, వెనక నేను. దిశ తిప్పేది వెనక కూర్చున్నవాడు, అది ఆయనకు చెప్పలేదు. గంటన్నర పాటు తానే నడుపుతున్నానని అనుకున్నాడు.

టైగర్ కేవ్ గుడికి 1,200కు పైగా మెట్లు. "అలిపిరి 3,550 మెట్లు ఎక్కినోణ్ణి" అని బయల్దేరాడు. కానీ లెక్క చూసి మోసపోకండి. అలిపిరి మెట్ల మధ్య నడిచే చదును చాలా ఉంటుంది, ఇక్కడ కొన్నిచోట్ల ఒక్కో మెట్టు మోకాలి ఎత్తు, నిలువునా ఉంటుంది. తెల్లవారుజామున మొదలుపెట్టి, సగంలో కూర్చుని, ఎనిమిదింటికి పైకి చేరాం. దిగేటప్పుడే ఆయన తొడలు వణికాయి. మర్నాడు బీచ్‌లో కుర్చీ వేసుకుని పడుకున్నాడు, యాక్టివ్ వెకేషన్లో అది కూడా ఒక రోజు ఉండాలి.

తిండి దగ్గర క్రాబీకి మార్కులు తగ్గుతాయి. కూరగాయల వంటలో కూడా చేప సాస్ పడుతుంది. పసుపు మీద ఎర్ర అక్షరాలతో "జే" గుర్తున్న చోట మాంసం, చేప ఏదీ ఉండదు, ఆ గుర్తు ఫోన్లో ఫోటోగా పెట్టుకోండి. పెరుగు దొరికినా చాలావరకు తియ్యటిది. నాయన హోటల్ కెటిల్‌లో వేడినీళ్లు కాచి రాగి మాల్ట్ కలుపుకునేవాడు, చెనిక్కాయల పొడి అన్నంలోకి. ఐదు రోజులకు అర కిలో పొడి చాలదు, కిలో పెట్టుకోండి.

బాలి: సనూర్ దాటి ఆశపడొద్దు

బాలి అంటే అందరూ కుటా, చంగూ అంటారు. అవి అలల ఒడ్డులు, సర్ఫింగ్ చేసేవాళ్లకు. పెద్దవాళ్లతో పోతే తూర్పున సనూర్. దూరంగా పగడపు దిబ్బ అలల్ని ఆపేస్తుంది కాబట్టి ఒడ్డు దగ్గర నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. బీచ్ పక్కనే కిలోమీటర్ల పొడుగునా చదునైన నడక దారి, సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. అనంతపురంలో ఐదింటికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నడిచే జాతి ఉంది కదా, వాళ్లకు ఇది స్వర్గం. బాలి టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు, కాబట్టి మొదటి రెండు రోజులు లేవడమే కష్టం, తర్వాత సర్దుకుంటుంది. ఒక్క సంగతి, ఆటుకు నీళ్లు బాగా వెనక్కు పోతాయి, అప్పుడు ఈతకు వీలుపడదు. పోటు ఎప్పుడో హోటల్లో అడిగి దాన్నిబట్టి రోజు వేసుకోండి.

ప్రతి కొట్టు ముందూ పొద్దున్నే కొబ్బరాకు దొన్నెలో పూలు, అక్షింతల్లా నాలుగు మెతుకులు, ఒక అగరవత్తి. అమ్మ వాటిని తొక్కకుండా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఉలువాటులో కోతులు కళ్లజోడు లాక్కుపోతాయి, ఇది ఊరికే చెప్పే మాట కాదు, నాయన కళ్లజోడు అరటిపండు ఇచ్చి విడిపించుకున్నాం. పక్క దీవి నూసా పెనీడా ఫోటోలు చూసి మురిసిపోకండి, అక్కడి కెలింగ్‌కింగ్ కొండ దిగుడు పెద్దవాళ్లకు కాదు. సంబల్ అనే అక్కడి మిరపకాయ పచ్చడిలో రొయ్యల ముద్ద ఉంటుంది. హిందువులే అయినా పంది మాంసం బాగా తింటారు, అమ్మకు ఈ సంగతి రెండో రోజు తెలిసి కాసేపు మాట్లాడలేదు. 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ టూరిస్టుకు తలకు 1,50,000 రుపయా పన్ను ఉంది, అంకె చూసి కంగారుపడొద్దు, వాళ్ల రూపాయి విలువ చాలా తక్కువ.

మిగిలినవి

మాల్దీవుల్లో రిసార్టు ఖర్చు గురించి చెప్పక్కర్లేదు. మాఫుషి లాంటి స్థానిక దీవుల్లో గెస్ట్‌హౌసులు ఖర్చుకు అందుతాయి. అక్కడ మద్యం ఉండదు, అక్కడి ఆడవాళ్లు నిండా బట్టలతోనే నీళ్లలోకి దిగుతారు. చుడీదారుతో దిగే మన అమ్మలు అక్కడ ఎవరి కంటికీ వింతగా కనపడరు. బాలి హోటల్లో స్విమ్మింగ్ పూల్ దగ్గర అమ్మను ఆ బట్టలతో దిగొద్దన్నారు, ఆ ముఖం నాకింకా గుర్తుంది. కానీ అరగంటలో దీవి చుట్టి రావచ్చు, నాలుగో రోజు ఏం చేయాలో తోచదు. మలేసియాలో లంకావి గురించి స్నేహితులు మంచిగానే చెబుతారు, తమిళ భోజనం దొరకడం పెద్ద సుఖం. డా నాంగ్ దగ్గర "మీ సోన్" అనే చోట పాతకాలపు చాం రాజుల శివాలయాలున్నాయి. ఈ రెండూ నేను పోలేదు కాబట్టి ఇంతటితో ఆపుతా.

బయల్దేరే ముందు

ఓర్వకల్లులో, కడపలో విమానాశ్రయాలున్నా విదేశాలకు విమానాలు లేవు. అనంతపురం వాళ్లకు బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి మూడు గంటలు, హైవే మీద నేరుగా, బెంగళూరు ట్రాఫిక్కులోకి పోనక్కర్లేదు. కర్నూలు వాళ్లకు శంషాబాద్ దగ్గర. కడప నుంచి చెన్నై, బెంగళూరు రెండూ ఇంచుమించు ఒకటే దూరం, కొలంబోకు మాత్రం చెన్నై మేలు. థాయిలాండ్ విమానాలు చాలావరకు రాత్రిపూటే. సాయంత్రం కారెక్కి, అర్ధరాత్రి విమానమెక్కి, తెల్లవారి దిగే మనిషికి అరవై దాటితే ఆరోజు పడవ ట్రిప్పు పెట్టకండి. డబ్బు కట్టేశామని పెట్టి నేను చూశాను.

వీసా నియమాలు ఏడాదికోసారి మారుతున్నాయి, టికెట్టుకు ముందు ఆ దేశ ప్రభుత్వ సైటే చూడండి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలుండాలి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మన పెద్దవాళ్లకు మామూలు, టికెట్టు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే పడాలి. మాత్రలు చేతి సంచిలో, డాక్టరు చీటీతో సహా. ఇన్సూరెన్సులో షుగరు, బీపీ దాచకండి. ముందునుంచీ ఉన్న జబ్బుకు కవరు ఉందో లేదో ఆ కాగితం చదివి కొనండి. అద్దె స్కూటరు వద్దు. ఇంటర్నేషనల్ పర్మిట్ లేకుండా నడిపి పడితే ఇన్సూరెన్సు చేతులెత్తేస్తుంది, వెనక కూర్చున్నది అమ్మ.

ఈ సంక్రాంతికి ఇద్దర్నీ వెలిగామకు తీసుకుపోదామనుకుంటున్నా. నాయన సర్ఫింగ్ పాఠం గురించి అడిగాడు, మాస్కు పెట్టుకోవాలా అని. అక్కర్లేదన్నాను. అమ్మ మాత్రం నీలావెలే అంటోంది. జనవరిలో ఆ ఒడ్డు బాగుండదని చెప్తే, "అయితే మేలో పోదాం, మీ నాయన్ని జనవరిలో తోలుకపో" అంది.